పెట్టెకు రెండో పక్క

మిర్యాలగూడ
6 ఏప్రిల్ 2025

చిన్నాయినకు,

ఫోన్‌లో నువ్వన్న మాట గుర్తుంది. "నువ్వు గిట్ల అరిస్తె నాకేం సమజ్ కాదు బిడ్డా. ఏదున్నా కాయితం మీద రాసియ్యి, మీటింగుల పెట్టిస్త" అన్నావు. అందుకే నిన్న బజారులో గీతల కాగితాలు కొన్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడిని. రాయడం పేపర్లు చదివి నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకో.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి రాస్తాను. నాయిన పోయిన రోజు నేను కర్ణాటకలో ఉన్నాను. అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ ఆపి లోపలి ఇటుకలు మారుస్తుంటే, మా వాడపల్లి కాంట్రాక్టరు పన్నెండు మందిని తోలుకుపోయాడు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకున్నారు. కబురు అంది మన ఊరు ఆత్మకూరు చేరేసరికి మూడో రోజు. అందాకా నాయినను మీ సూర్యాపేట సహచర సేవా క్లబ్బు ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. ఆ క్లబ్బు బండి నడిపేది నువ్వే కాబట్టి నువ్వే తెచ్చి పెట్టావు. అది కాదనను.

కానీ ఇంట్లో అడుగు పెట్టగానే నాకు కనపడింది నాయిన కాదు. కాళ్ళ వైపు గాజు మీద ఎర్ర అక్షరాలు. "కీ.శే. అనంతరామయ్య పటేలు గారి జ్ఞాపకార్థం. కుమారుడు సత్యనారాయణ." ఒక్కో అక్షరం జానెడుంది.

ఆ పటేలు ఎవరో నీకు చెప్పాలా? నాకు ఆరేళ్ళప్పుడు, మా గొర్లు ఆయన చేలో పడ్డాయని మొత్తం మందను బందెలదొడ్డిలో పెట్టించాడు. నాయిన పొద్దంతా ఆయన వాకిట్లో నిలబడ్డాడు. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకొని నిలబడ్డాడు. కూర్చోమన్నవాడు లేడు, మంచినీళ్ళిచ్చినవాడు లేడు. సాయంత్రానికి మూడు గొర్రెపిల్లలు ఎండకు చచ్చాయి. ఆ రోజు నుంచి నాయిన ఆ ఇంటి ముందు నుంచి నడవలేదు. మందను వాగు దాటించి, మైలు దూరం తిప్పుకొని తోలేవాడు. ఇరవై ఏళ్ళు. అలాంటి మా నాయిన సైదులును ఆ పేరు కాళ్ళ దగ్గర పెట్టుకొని మూడు రోజులు పడుకోబెట్టారు.

అందరూ ఏడ్చారు. నేను ఆ అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. తర్వాత మట్టి చేశాం, తర్వాత పదకొండో రోజు అయింది, తర్వాత మళ్ళీ పనికి వచ్చాను. ఏడుపు రాలేదు. తిన్నది ఉప్పో పులుపో తెలియడం లేదు. మొన్న బట్టీలో వేడి ఇటుక చేతికి తగిలితే పక్కవాడు చెప్పేదాకా తెలియలేదు. కళ్ళు మూసుకుంటే నాయిన ముఖం రాదు. ఆ పేరే వస్తుంది.

నేను అడిగేది ఒక్కటే. ఆ పేరు తీసెయ్యాలి. అధ్యక్షుడికి వేరే కాగితం రాసి ఇందులో పెట్టాను. చదివించు.

చిన్నమ్మను అడిగినట్టు చెప్పు.

సాయితేజ

*

సూర్యాపేట
15 ఏప్రిల్ 2025

చిరంజీవి సాయితేజకు బీరప్ప చిన్నాయిన ఆశీర్వదించి తెలియజేయునది.

మేము ఇక్కడ క్షేమం. మీ చిన్నమ్మ రేణుకమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది. నీకొక డబ్బా తీసి ఉంచింది. మిర్యాలగూడ పోయే కండక్టరుతోని పంపుమంటది, నువ్వే వచ్చి తీసుకపోతవని నేనంటున్న.

నీ కాగితం మొన్న ఆదివారం మీటింగుల పెట్టిన. ఎజెండాల నాలుగో అంశం. ముందు కంటి శిబిరం, మొక్కలు నాటుడు, రెండో పెట్టె కోసం చందాల సంగతి అయినయి. ఆ తర్వాత సెక్రటరీ సురేందర్ సారు లేచి నీది చదివిండు.

నువ్వు మొదట్ల ఏం రాసినవో యాది చేసుకో. "మీ పెట్టెలో మా నాయిన ఉన్నాడు. ఆ పెట్టె లేకుంటే నేను వచ్చేదాకా ఆయన ఉండేవాడు కాదు" అని రాసినవ్. సారు అంతవరకు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఒక కార్మికుడు రాసిన కృతజ్ఞతాలేఖ" అన్నడు. అందరు సప్పట్లు కొట్టిండ్రు. పెట్టె తీసుకపోయిన ప్రతి ఇంటోళ్ళు గట్ల రాసిచ్చుడు మా క్లబ్బుల ఆనవాయితీ. మొదటి నాలుగు పంక్తులు చదువుతరు, సప్పట్లు కొడతరు, ఫైలుల పెడతరు. అన్నీ ఒక్కతీరే ఉంటయి గనక కిందికి ఎవరు పోరు. నీది గూడ గట్లనే అయింది.

నువ్వు అడుగుతవు, నేనెందుకు లేచి చెప్పలేదని. నేను తలుపు దగ్గర చాయ్ పట్టుకొని నిలబడ్డ. మెంబర్లు మాట్లాడే కాడ డ్రైవరు మాట్లాడుడు ఉండదు. పటేలు కొడుకు సత్యనారాయణ సారు ముందు కుర్చీలనే ఉన్నడు. ఆయన గూడ సప్పట్లు కొట్టిండు.

ఇంకో సంగతి చెప్తె నీ కోపం తగ్గుతదని రాస్తున్న. ఆ పెట్టెల మీ నాయిన వాటా గూడ ఉన్నది. నాలుగేండ్ల కింద పెట్టె కోసమని క్లబ్బోళ్ళు పెద్ద డిన్నర్ పెట్టిండ్రు. ఊరోళ్ళ సాయం అడిగితె మా అన్న రెండు పొట్టేళ్ళను తోలుకొచ్చి ఇచ్చిండు. మంచి పొట్టేళ్ళు. ఆ డిన్నర్ల తింటనే సత్యనారాయణ సారు లేచి, పెట్టె మా నాయిన పేరు మీద నేనిస్త అన్నడు. పైసలిచ్చినోళ్ళ పేర్లు బోర్డు మీదికెక్కినయి. పొట్టేళ్ళు ఆ పూటకే అయిపాయె గనక అన్న పేరు ఎక్కలే. అన్న ఏమనలే.

నా నడుము బాగుంటలేదు. పెట్టె దించాలన్నా ఎక్కియ్యాలన్నా రెండు పక్కల ఇద్దరు ఉండాలె. ఇప్పుడు రెండో పక్కకు మనిషి దొరకక పరేషాన్ అయితున్న.

పని కాడ జర పైలం.

ఇట్లు
బీరప్ప

*

మిర్యాలగూడ
21 ఏప్రిల్ 2025

చిన్నాయినా,

నీ ఉత్తరం పని గేటు దగ్గర నిలబడి చదివాను. కోపం తగ్గుతుందని పొట్టేళ్ళ సంగతి రాశావు చూడు, దానికి నీకు దండం.

అంటే జరిగింది ఇది. మా నాయిన పొట్టేళ్ళను పటేలు కొడుకు తిన్నాడు. తిన్న పళ్ళెం ముందు నుంచి లేచి వాళ్ళ నాయిన పేరు రాయించాడు. ఆ పేరు కిందకి మా నాయినను తీసుకుపోయి పడుకోబెట్టారు. దాన్ని తిట్టి నేను కాగితం రాస్తే సప్పట్లు కొట్టారు. అసలు సంగతి "అయినా" అన్న మాట దగ్గర మొదలవుతుంది. అది అయిదో పంక్తిలో ఉంది. ఒక్క పంక్తి కిందికి చూడడానికి మీ సెక్రటరీకి కళ్ళు లేవు. వాళ్ళు ఊరంతటికీ కంటి శిబిరాలు పెడతారు.

వాళ్ళను అని లాభం లేదు. నువ్వు తలుపు దగ్గర చాయ్ పట్టుకొని నిలబడ్డావు. ఆ చాయ్ కింద పెడితే ఏమయ్యేది?

నేను ఎక్కువ చదువుకున్నవాడిని కాదు. మర్యాదగా మొదలుపెట్టాలని నాలుగు పంక్తులు మంచిగా రాశాను, అదే నా తప్పు. ఇంక కాగితాలు రాయను. వచ్చే ఆదివారం వస్తాను. తొక్కు డబ్బా కోసమే వస్తానని చిన్నమ్మతో చెప్పు.

సాయితేజ

*

సూర్యాపేట
1 మే 2025

సాయితేజకు,

నువ్వు ఆదివారం వచ్చినవ్. మీ చిన్నమ్మ కోడిని కోసింది. నువ్వు తిన్నవ్. క్లబ్బు పెట్టె ఉండే షెడ్డు చూస్తనంటే తాళంచెవి నేనే ఇచ్చిన. అంట్లు సర్దేలోపల నువ్వు ఫ్యాక్టరీల తుప్పు గీకే ఇనుప బ్రష్షు సంచిల నుంచి తీసి గాజు మీద పేరు మొత్తం గీకేసినవ్. వచ్చి చేతులు కడుక్కొని, బస్సుకు టైం అయితుందని పోయినవ్. తొక్కు డబ్బా ఇక్కడనే మర్చిపోయినవ్.

మరునాడు పెట్టె బయటికి తీస్తే గాని నాకు తెల్వలే.

సురేందర్ సారు అడిగితె, కడుగుతుంటే గీసుకపోయిందని చెప్పిన. నమ్మలే. నాకు మెమో ఇచ్చిండు. నిన్న అర్జెంటు మీటింగ్ పెట్టిండ్రు. "దాత పేరు లేకుండ పెట్టెను బయటికి పంపితే దాతను అవమానించినట్టు అయితది. పేరు తిరిగి రాయించి, దాత చేతుల మీదుగా మళ్ళ ప్రారంభించేదాక పెట్టె షెడ్డులనే ఉండాలె" అని తీర్మానం రాసిండ్రు. సత్యనారాయణ సారు యాత్రకు పోయిండు. ఆయన వచ్చినంక మే 18 ఆదివారం ప్రారంభం. అందాక తాళం.

నేను నీ పేరు చెప్పలే.

బీరప్ప

*

మిర్యాలగూడ
6 మే 2025

చిన్నాయినా,

గీకింది నేనే. చెప్పుకో. నేను దాచుకోమని అడగలేదు.

గీకుతున్నప్పుడు సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు. బట్టీలో పాత ఇటుక రాల్చినట్టు రాల్చాను, అంతే. రంగు పోయినా అక్షరాల నీడ గాజు మీద ఉండిపోయింది. చదవాలనుకుంటే ఇంకా చదవొచ్చు.

మీ తీర్మానం చూసి నవ్వు రాలేదు, అదొక్కటే తక్కువ. పేరు లేకపోతే పెట్టె చల్లబడదా? లోపల పడుకున్నవాడు, ఇది ఎవరిచ్చారు, చెప్పందే నేను పడుకోను అంటాడా?

ఒక మాట రాస్తాను, చాలా రోజులుగా ఉంది. నాయిన పోయిన రోజు ఇంట్లో మనుషులందరూ ఉన్నారు. ఆ పేరును నువ్వు చూశావు. చదివావు. ఒక పాత బట్ట కప్పాలని కూడా నీకు తోచలేదు. ఆ రోజు నువ్వు మా నాయినకు తమ్ముడివి కాదు. క్లబ్బు డ్రైవరువి. పెట్టె తెచ్చావు, ప్లగ్గు పెట్టావు, పని అయిపోగానే తీసుకుపోయావు.

దీనికి జవాబు రాయకు.

సాయితేజ

*

సూర్యాపేట
14 మే 2025

సాయితేజా,

జవాబు రాయకంటివి. ఇది జవాబు కాదు, కబురు.

మన వాడకట్టు పుష్పక్క ఆదివారం పొద్దుగాల పోయింది. చిన్నప్పుడు మీ అమ్మ కైకిలి పనికి పోతే నీకు బువ్వ పెట్టిన పుష్పక్కనే. గుండెల నొప్పి అన్నదట, సూర్యాపేట దవాఖానకు తెచ్చేలోపలనే అయిపోయింది. బిడ్డ అక్షిత పుణెల నర్సు. ఆమెకు ఫోన్ చేస్తె, "నేను బయలుదేరుతున్న, నేనొచ్చేదాక అమ్మను ఉంచుండ్రి" అన్నదట. ఉన్నది ఒక్కతే బిడ్డ.

పుష్పక్క తమ్ముడు నగేష్ నా దగ్గరికి ఉరికొచ్చిండు. పెట్టె షెడ్డుల ఉన్నది. ఖాళీగ ఉన్నది. నేను సురేందర్ సారుకు ఫోన్ చేసిన. "తీర్మానం ఉన్నది కద బీరప్పా, నా ఒక్కని చేతుల లేదు, కోదాడ క్లబ్బును అడుగు" అన్నడు. కోదాడకు చేస్తే వాళ్ళ పెట్టె మునగాలల ఒక ఇంటి కాడ ఉన్నది, మంగళారం దాక రాదు అన్నరు. కోదాడ డ్రైవరు మంచోడు. "మీ పెట్టె ఏమైందండీ, పాడైపోయిందా?" అని అడిగిండు. పాడు కాలే, పేరు పోయింది అన్న. ఆయనకు అర్థం కాలే.

చేపల మార్కెట్ నుంచి ఐసుగడ్డలు తెచ్చినం. చుట్టు పొట్టు పోసినం. ఎండ నీకు తెల్వంది కాదు. ఐసు కరిగి నీళ్ళు వాకిట్లకు పారినయి, మళ్ళ తెచ్చినం, మళ్ళ పారినయి. సోమారం పగటాల్లకు ఇగ ఉంచొద్దని పెద్దమనుషులు అన్నరు. మట్టి చేసినం. అక్షిత నాలుగు గంటలకు వచ్చింది. వాకిలి ఇంకా తడిగనే ఉన్నది.

ఆ పిల్ల ఏడ్వలే. నా దగ్గరికొచ్చి, "మామా, పెట్టె షెడ్డుల ఖాళీగనే ఉండెనట గద" అన్నది. అంతే అడిగింది.

నువ్వు పేరు గీకినవ్. వాళ్ళు తాళం ఏసిండ్రు. ఆ తాళంచెవి పొద్దంత నా అంగీ జేబులనే ఉన్నది బిడ్డా. తీస్తె నౌకరి పోతదని తియ్యలే. ముగ్గురం కలిసి చేసినం.

ఇగ నువ్వు నన్ను డ్రైవరు అన్నవు గద. దానికి గూడ చెప్త.

పెట్టె మోసుటానికి ఇద్దరు కావాలె అని రాస్తె నువ్వు పట్టించుకోలే. నాలుగేండ్ల సంది ఆ రెండో పక్క పట్టింది ఎవరో అడగలే. మీ నాయిన. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు, కబురు చేస్తే మందను ఎవరికో ఒప్పజెప్పి వస్తుండె. మాదిగోళ్ళ ఇంటికి, కోమటోళ్ళ ఇంటికి, మనోళ్ళ ఇంటికి. ఫోటోల లేడు, బుక్కుల లేడు. నువ్వు నాలుగేండ్ల నుంచి మిర్యాలగూడల ఉంటివి, పండుగకు వచ్చి ఒక పూట ఉండి పోతివి. నీకు చెప్తనంటే, "వానికి కోపమొస్తది, ఊకో" అన్నడు.

ఆ పేరు సంగతి ఆయనకు తెల్వదనుకుంటున్నవా? సదువు రాదు గద. మొదటి దినమే అడిగిండు, "ఏం రాసిండ్రురా" అని. చెప్పిన. చెప్పొద్దనుకున్న గని చెప్పిన. "అండ్ల పండేటోనికి కనబడది. బయట కూసునేటోళ్ళకే కనబడ్తది" అన్నడు. భుజం మీది గొంగడి తీసి ఆ అక్షరాల మీద కప్పిండు. "ఎవలన్న అడిగితె గాజు వేడెక్కుతదని చెప్పు" అన్నడు.

గప్పటి సంది ఎప్పుడు పోయినా కాళ్ళ పక్కనే పట్టేది. దించంగనే గొంగడి కప్పేది. బందెలదొడ్డి సూసినోళ్ళు మన ఊర్ల శానమంది ఉన్నరు. వాళ్ళ ఇండ్లల్ల ఒక్కనాడు గూడ ఆ పేరు ఎవ్వరికి కనబడలే.

ఆయన పోయిననాడు ఏమైందో విను. గొంగడి ఆయనతోనే పోవాలన్నరు మనోళ్ళు. మన ఆచారం గద. పెట్టెల ఆయన మీదనే కప్పినం. బయట కప్పుటానికి గొంగడి లేదు. నాకు ఇంకో బట్ట తోచలే. నువ్వన్నది నిజమే, తోచలే. నాలుగేండ్లు ఆయన కప్పుతుంటె నేను దాని గురించి ఎన్నడు సోచాయించలే. ఆ దినం నేను తలకాయ పక్క పట్టిన. కాళ్ళ పక్క పట్టింది ఎవరో నాకు ఇప్పటికి యాది లేదు.

నువ్వు పేరు చదివినవ్. లోపల గొంగడి సూడలే.

బీరప్ప

*

మిర్యాలగూడ
22 మే 2025

చిన్నాయినా,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. జేబులో పెట్టుకొని పనికి పోతున్నాను. చెమటకు సిరా కొంచెం పాకింది.

సోమవారం సెలవు పెట్టి ఆత్మకూరు పోయాను. అక్షిత ఇంట్లోనే ఉంది, వాళ్ళ అమ్మ చీరలు మడతపెడుతోంది. పేరు గీకింది నేనే అని చెప్పాను. ఆమె మడతపెట్టడం ఆపలేదు. నేను అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి, "మీ నాయిన మొఖం నువ్వు సూసినవా?" అంది. పెట్టె దగ్గర గంటలు కూర్చున్నాను కానీ సరిగ్గా చూడలేదని చెప్పాను. "నీకు సూసే వీలుండె" అంది. నీళ్ళిచ్చింది. తాగి వచ్చాను.

అటు నుంచి సూర్యాపేటకు వచ్చి సురేందర్ సారు షాపుకు పోయాను. కాగితం రాసిచ్చాను. ఈసారి మర్యాద పంక్తులు పెట్టలేదు. "పేరు గీకింది సైదులు కొడుకు సాయితేజ. బీరప్పకు తెలియదు. మెమో వెనక్కి తీసుకోండి" అని మూడు ముక్కలు. ఆయన మొత్తం చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు. "పోలీసు కేసు పెట్టొచ్చు తెలుసా?" అన్నాడు. పెట్టుకోండి అన్నాను. తర్వాత, పుష్పక్క ఇంట్లో ఐసు సంగతి తెలుసా సార్ అని అడిగాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీ మెమో సంగతి చూస్తానన్నాడు. నిన్ను కలవకుండా వచ్చేశాను. చిన్నమ్మ ముందు ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆదివారం మళ్ళీ ప్రారంభించారట కదా. ఫోటో పేపర్లో చూశాను. పేరు పాతదాని కంటే పెద్దగా రాయించారు. చూస్తే కోపం వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. ఫోటోలో ఎక్కడైనా మూలకు నువ్వున్నావేమోనని వెతికాను. లేవు.

ఏడుపు ఇంకా రాలేదు. ముఖం కూడా రాలేదు. కానీ నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చింది. నాకు ఆరేళ్ళప్పుడు పటేలు వాకిట్లో నాయిన భుజం మీద కూర్చున్నప్పుడు, ఎండ తగలకుండా నా తల మీద గొంగడి కప్పాడు. లోపల చీకటిగా, గొర్రె వాసన. బయట ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత ఊళ్ళో వాళ్ళు చెప్పగా విన్నదే. ఇరవై ఏళ్ళు నేను చూశాననే అనుకున్నాను.

పని సంగతి. నాకు వారానికి ఆదివారం సెలవు. పొద్దున మొదటి బస్సుకు ఎక్కితే పనివేళకు సూర్యాపేటలో ఉంటాను. ఆ ఒక్కరోజు పెట్టెకు నన్ను రాసుకో. మిగతా ఆరు రోజులకు నగేష్‌ను అడుగు, నేను కూడా అడిగాను, చూస్తానన్నాడు. కాంట్రాక్టరును బతిమాలితే వారం మధ్యలో ఇంకో పూట దొరకొచ్చు, మాట ఇవ్వను.

ఇక్కడ మా రూమ్ పక్కన గొర్లు కాసే ముసలాయన ఒకడున్నాడు. ఆయన దగ్గర పాత గొంగడి అడిగి తీసుకున్నాను. రెండుచోట్ల చిరిగింది, వెడల్పు సరిపోతుంది. కొత్త అక్షరాలు పెద్దవి కదా, రెండు మడతలు వెయ్యకుండా ఒకే మడతతో కప్పాలి. ఫోటోను బట్టి అంచనా వేసి గొంగడి కొలిచి చూశాను.

తొక్కు డబ్బా తీసి ఉంచమను. నీ నడుముకు తలకాయ పక్క తేలికగా ఉంటే అదే పట్టుకో. కాళ్ళ పక్క నాకు వదిలెయ్యి.

సాయితేజ